ఖాళీ వేరు, బోసి వేరు: కాండిడా హోఫర్ తీసిన గదులు

మనుషులు లేని చోటును చెప్పడానికి తెలుగులో ఒక్క మాట సరిపోదు. అద్దెకు ఎవరూ దిగని ఇల్లు ఖాళీగా ఉందంటాం. కూతురికి పెళ్లి చేసి అత్తవారింటికి పంపాక అదే ఇల్లు బోసిపోయిందంటాం. పంక్తిలో కూర్చోవలసిన మనిషి రాకపోతే వెలితిగా ఉందంటాం. ఏళ్ల తరబడి దీపం పెట్టే దిక్కు లేకపోతే పాడుబడిందంటాం. బోసి, వెలితి, పాడు అనే మూడు మాటల వెనుకా పోయిన మనిషో గడిచిన కాలమో తప్పకుండా ఉంటుంది. ఖాళీ అన్న మాటకు ఆ అవసరం లేదు. కుర్చీ ఖాళీగా ఉందంటే అందులో ఇంకా ఎవరైనా కూర్చోవచ్చునని అర్థం. జర్మనీకి చెందిన ఛాయాచిత్ర కళాకారిణి కాండిడా హోఫర్ నాలుగు దశాబ్దాలకు పైగా తీస్తూ వచ్చిన గదుల చిత్రాలను అర్థం చేసుకోవడంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ మాటలను ఒకదాని బదులు ఒకటి వాడటం వల్ల కలుగుతున్నవేనని నాకు అనిపిస్తుంది.

ఆ చిత్రాలలో మొదటి చూపుకు అందేది ఒక విశాలమైన గ్రంథాలయం, లేదా ఒపేరా శాల, లేదా మ్యూజియంలోని ఒక గది. స్తంభాలు, గోడలు, అరలు ఎక్కడా వాలకుండా నిటారుగా నిలబడి ఉంటాయి. కిటికీల నుంచి వచ్చే వెలుగు నేల మీద పరుచుకుని ఉంటుంది. దగ్గరి బల్ల అంచు, దూరపు గోడ మీది నగిషీ ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. మనిషి మాత్రం ఎక్కడా ఉండడు. దీనికి సాధారణంగా మూడు వివరణలు వినిపిస్తాయి. ఇవి ఒంటరితనాన్ని చెప్పే చిత్రాలని కొందరు, గొప్ప కట్టడాల అందాన్ని చాటే చిత్రాలని కొందరు, ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేసిన నిష్పాక్షికమైన పత్రాలని మరికొందరు అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఏ ఒక్కదాన్నీ చివరిదాకా పట్టుకుని నడవలేం. ఆమె ఈ గదుల దగ్గరికి ఏ దారిన వచ్చారో తెలిస్తే ఆ సంగతి తేటపడుతుంది, ఎందుకంటే ఆమె బయలుదేరింది గదుల నుంచి కాదు, మనుషుల నుంచి.

హోఫర్ 1944లో ఎబెర్స్‌వాల్డె అనే ఊరిలో పుట్టారు. కొలోన్ నగరంలో చదువుకుని, కొంతకాలం పత్రికల కోసం వ్యక్తుల ఫొటోలు తీసి, 1973లో డ్యూసెల్‌డోర్ఫ్ కళా అకాడమీలో చేరారు. అక్కడ మొదట సినిమా చదివి, 1976 నుంచి బెర్న్డ్ బెషర్ దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. బెర్న్డ్ బెషర్, ఆయన భార్య హిల్లా బెషర్ కలిసి చేసిన పనిని ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. నీటి ట్యాంకులు, ఇనుము కరిగించే కొలుములు, గ్యాసు నిల్వ చేసే గోళాలు, గనుల మీది చట్రాలు మొదలైన పారిశ్రామిక కట్టడాలను మబ్బు పట్టిన ఆకాశం కింద, నీడలు పడని వెలుగులో, ఎదురుగా నిలబడి నలుపు తెలుపులలో తీయడం వారి పద్ధతి. ఒకే రకం కట్టడాల చిత్రాలను వరుసలుగా పేర్చి పక్కపక్కన చూపడంతో, విడిగా చూస్తే పట్టించుకోని చిన్న చిన్న తేడాలు కంటికి ఆనేవి. 1990లో వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వారికి బహుమతి దక్కింది శిల్పకళ విభాగంలో. ఫొటోలకు శిల్పకళ బహుమతి రావడాన్ని బట్టి, కట్టడాన్ని చూసే తీరునే వారు ఎంతగా మార్చారో ఊహించుకోవచ్చు. తోమాస్ స్ట్రూత్, తోమాస్ రూఫ్, ఆక్సెల్ హ్యూటె, ఆండ్రియాస్ గుర్‌స్కీ కూడా ఆ తరగతి నుంచి వచ్చినవారే. గురువుగారు నలుపు తెలుపులకు కట్టుబడి ఉండగా రంగులలో పని మొదలుపెట్టిన తొలి విద్యార్థులలో హోఫర్ ఒకరు.

అకాడమీలో చేరడానికి కాస్త ముందు మొదలుపెట్టి, 1972కూ 1979కీ మధ్య, ఆమె తీసిన చిత్రాలలో గదులు ముఖ్యం కావు. జర్మనీలో స్థిరపడిన టర్కీ వారిని ఆమె తీశారు. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని కర్మాగారాలకు కూలీలను రప్పించింది. వారికి ఆ దేశం పెట్టిన పేరు అతిథి కార్మికులు. అతిథి అన్న మాటలో మర్యాద ఎంత ఉందో, ఏదో ఒకనాడు వెళ్లిపోవలసినవాడన్న సూచన కూడా అంతే ఉంది. 1973లో ఆ నియామకాలు ఆగిపోయాయి. వచ్చినవారిలో చాలామంది మాత్రం ఉండిపోయారు, భార్యాబిడ్డలను రప్పించుకున్నారు, దుకాణాలు తెరిచారు. హోఫర్ వారిని కూరగాయల అంగళ్లలో, టీ కొట్లలో, ఇళ్లలో, పార్కులలో తీశారు. ఆ చిత్రాలలో కనిపించే మనుషులు కెమెరా ఉన్నదని తెలిసి నిలబడినవారు. వారి చుట్టూ జర్మన్ వాస్తుతో కట్టిన గది ఉంటుంది, ఆ గదిలోకి వారు తెచ్చుకున్న వస్తువులు ఉంటాయి. పరాయి దేశపు గోడల మధ్య ఒక కుటుంబం తనకంటూ ఒక ఇల్లు ఎలా అమర్చుకుంటుందో ఆ అమరికలోనే కనిపిస్తుంది.

ఈ పని చేస్తున్నప్పుడే ఆమెకు రెండు విషయాలు తట్టాయని తరువాత ఆమె చెప్పుకున్నారు. ఇతరుల జీవితంలోకి కెమెరాతో చొరబడటం తన స్వభావానికి సరిపడదన్నది ఒకటి. ఒక చోటులో మనుషులు ఏం చేస్తారో, ఆ చోటు మనుషులను ఏం చేస్తుందో, మనుషులు ఎదురుగా లేనప్పుడే మరింత స్పష్టంగా తెలుస్తుందన్నది రెండవది. విందుకు రాని అతిథి గురించే అందరూ మాట్లాడుకున్నట్టు, అని ఆమె దానికి పోలిక చెప్పారు. ఏడేళ్లపాటు అతిథులని పిలవబడినవారిని ఫొటోలు తీసిన మనిషి నోట వచ్చిన పోలిక కాబట్టి దీన్ని నేను యాదృచ్ఛికమైన అలంకారంగా చదవలేను. ఆమె గదులలో మనిషి లేకపోవడమంటే, మనిషిని కాదనుకోవడం కాదు. మనిషి గురించి అడగవలసిన ప్రశ్నను ఆమె మనిషి ముఖం మీది నుంచి తీసి, అతడు కూర్చునే కుర్చీ మీదికి, నిలబడే వరుస మీదికి, తలెత్తి చూసే గోడ మీదికి మళ్లించారు.

1979 ప్రాంతం నుంచి మొదలైన ఆ తొలి గదులు ఇవాళ ఆమె పేరు చెప్పగానే గుర్తుకొచ్చే బంగారు పూత ఒపేరా శాలలు కావు. అవి వేచి ఉండే గదులు, ఆరోగ్య స్నానశాలలు, హోటళ్ల భోజనశాలలు, సభా మందిరాలు, విశ్వవిద్యాలయాల చదువు గదులు. ఎవరికీ సొంతం కాని, అందరూ కాసేపు ఉండి లేచిపోయే చోట్లు. చిన్న కెమెరాతో తీసిన ఆ చిత్రాలు పరిమాణంలో కూడా చిన్నవి. వాటిలో పదేపదే కనిపించేది కుర్చీ. పాతకాలపు మందిరంలో వరుసగా వేసిన కొత్త ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు చేరవేసిన కుర్చీలు, ఒకదానిపై ఒకటి దొంతరగా పెట్టిన కుర్చీలు. కుర్చీ మనిషి ఒంటి కొలతకు చేసిన వస్తువు. నడుము ఎక్కడ వంచాలో, మోకాలు ఎక్కడ మడవాలో, ముఖం ఎటు తిప్పాలో అది ముందే నిర్ణయించి ఉంచుతుంది. వంద కుర్చీలు ఒకే దిక్కుకు తిరిగి ఉంటే ఆ గదిలో మాట్లాడేది ఎవరో, వినవలసింది ఎవరో, ఒక్క మనిషీ లేకుండానే తెలిసిపోతుంది. కల్యాణ మండపంలో పెళ్లి రోజు ఉదయం ఎవరూ రాకముందు చూసినవారికి ఇది అనుభవమే. ముందు వరుసలో మెత్తటి సోఫాలు ఎవరికోసమో, వెనుక వరుసలో మడత కుర్చీలు ఎవరికోసమో ఆ అమరికే చెప్పేస్తుంది. జనం వచ్చి కూర్చున్నాక అదే అమరిక పట్టుచీరల మధ్య, పలకరింపుల మధ్య కనుమరుగవుతుంది.

అందుకే ఒంటరితనం అన్న వివరణ ఇక్కడ పొసగదు. ఒంటరితనానికి ఒంటరివాడు ఒకడు కావాలి. హోఫర్ చిత్రాలు దిగులును పుట్టించడానికి మసక వెలుతురునో, దుమ్ము పట్టిన అద్దాన్నో, విరిగిన తలుపునో ఆశ్రయించవు. పాడుబడ్డ భవనాలను వెతికి వెళ్లి ఫొటోలు తీసేవారి దారి వేరు. వారికి కావలసింది గడిచిపోయిన కాలం. హోఫర్ గదులు నిన్న వాడినవి, రేపు మళ్లీ తలుపులు తెరిచేవి, దీపాలు వెలుగుతున్నవి, నేల తుడిచి ఉంచినవి. అవి ఖాళీగా ఉన్నాయి, బోసిపోలేదు.

చిత్రాలకు ఆమె పెట్టే పేర్లలో కూడా ఇదే నిగ్రహం కనిపిస్తుంది. సంస్థ పేరు, ఊరి పేరు, ఒక రోమన్ అంకె, సంవత్సరం. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజి గ్రంథాలయాన్ని తీసిన చిత్రానికి ఆ కాలేజి పేరు, ఊరు, ఒకటో అంకె, 2004 అన్న వివరాలు తప్ప మరేమీ లేవు. నిశ్శబ్దం అనో, నిరీక్షణ అనో పేరు పెట్టి ఉంటే చూసేవారు ఏం అనుభూతి చెందాలో ముందే చెప్పేసినట్టయ్యేది. దస్త్రం మీద రాసే చీటీలాంటి ఈ పేరు ఒక సంస్థను వేలెత్తి చూపి ఊరుకుంటుంది.

ఆమె చిత్రాలు నిష్పాక్షికమైనవన్న వాదనకు జవాబు ఆమె వాడే సాధనంలోనే ఉంది. ఎత్తయిన గదిని మామూలు కెమెరాతో తీయడానికి దాన్ని పైకి ఎత్తితే గోడలు పైకి పోతున్నకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్టు కనిపిస్తాయి. దాన్ని నివారించడానికి భవనాల ఫొటోగ్రాఫర్లు కెమెరాను ఎత్తరు. ఫిల్ము ఉన్న పలకను ఎదుటి గోడకు సమాంతరంగా నిలిపి, లెన్సును మాత్రమే పైకి జరుపుతారు. అలా జరపడానికి వీలిచ్చే పెద్ద కెమెరాలలో నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. దగ్గరిదీ దూరానిదీ ఒకే స్పష్టతతో రావాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. రంధ్రం చిన్నదైతే వెలుగు తక్కువగా వస్తుంది కనుక షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. హోఫర్ గదిలోకి తన దీపాలు తీసుకురారు. కిటికీల వెలుగు, గదిలో అప్పటికే ఉన్న దీపాల వెలుగు మాత్రమే వాడతారు. అందువల్ల ఎక్స్‌పోజరు, అంటే షట్టరు తెరిచి ఉండే సమయం, మరింత సాగుతుంది, కిటికీలు తెల్లగా మెరిసిపోతాయి, గదిలోని వెలుగు ఒక మెత్తని పదార్థంలా కనిపిస్తుంది.

ఫొటోగ్రఫీకీ ఖాళీ చోటుకూ ఉన్న బంధం ఈ దీర్ఘమైన ఎక్స్‌పోజరు వల్ల పుట్టిందే. 1838లో ఫొటోగ్రఫీ తొలి ఆవిష్కర్తలలో ఒకడైన లూయీ డాగ్యెర్ పారిస్‌లోని ఒక రద్దీ వీధిని తన కిటికీలోంచి తీస్తే, ఆ చిత్రంలో వీధి దాదాపు నిర్మానుష్యంగా వచ్చింది. బండ్లూ, గుర్రాలూ, నడిచేవారూ నిమిషాల తరబడి సాగిన ఎక్స్‌పోజరులో ఒక్క చోట నిలవలేదు కనుక పలక మీద ఎక్కలేదు. బూట్లకు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన మనిషి మాత్రం మిగిలాడు. అంటే నూట ఎనభై ఏళ్ల కిందటే ఫొటోగ్రఫీ మనకొక విచిత్రమైన సంగతి చెప్పింది: కదిలేది చెరిగిపోతుంది, నిలిచేది మిగులుతుంది. డాగ్యెర్‌కు అది సాధనంలోని లోపం. సందర్శకులు లేని వేళలలో అనుమతి తీసుకుని పనిచేసే హోఫర్ ఆ లోపాన్ని ఒక నిర్ణయంగా మార్చుకున్నారు.

ఇప్పుడు నిష్పాక్షికత సంగతి చూద్దాం. ఆ గదిలోకి నడిచి వచ్చిన ఏ సందర్శకుడి కంటికీ అది ఈ చిత్రంలో ఉన్నట్టు కనిపించదు. మన కన్ను ఒక చోట నిలవదు. పైకప్పు చూస్తే నేల మసకబారుతుంది, బల్ల చూస్తే గోడ పక్కకు తప్పుకుంటుంది, మెడ తిప్పి, అడుగు వేసి, గదిని ముక్కలు ముక్కలుగా పోగుచేసుకుంటాం. హోఫర్ చిత్రం అన్నిటినీ ఒకేసారి, ఒకే శ్రద్ధతో, సరిగ్గా మధ్య గీత మీద నిలబడి చూపుతుంది. ఆ మధ్య గీత భవనాన్ని గీసిన వాస్తుశిల్పి కాగితం మీద ఉంటుంది, లేదా ఆ భవనాన్ని కట్టించిన ప్రభువు ఆసనం ముందు ఉంటుంది. మామూలు మనిషి నడిచే దారి మీద చాలా అరుదుగా ఉంటుంది. కనుక ఇది ఉన్నదున్నట్టు చూపే చిత్రమని అనలేం. ఆ గది తనను తాను ఎలా చూపించుకోవాలనుకుందో అలా చూపే చిత్రమంటే సరిపోతుంది. గదిని దాని సొంత మాటల్లోనే మాట్లాడనిచ్చి, ఆ మాటల్లోని తీరును మనకు పట్టివ్వడం ఆమె పద్ధతి.

ట్రినిటీ కాలేజి పాత గ్రంథాలయం ఇందుకు మంచి ఉదాహరణ. 1712కూ 1732కూ మధ్య కట్టిన ఆ భవనంలోని పొడవైన గది పొడవు సుమారు 65 మీటర్లు. అరలు నిండిపోవడంతో 1860 ప్రాంతంలో పైకప్పును ఎత్తి, పీపా ఆకారంలో చెక్క కమానుగా మార్చి, పై అంతస్తులోనూ పుస్తకాలు పెట్టారు. ఆ కాలేజికి చెందిన అత్యంత పాత పుస్తకాలు సుమారు 2 లక్షలు అక్కడ ఉండేవి. గదికి రెండు వైపులా, ప్రతి అర చివరా, పాలరాతి ప్రతిమ ఒకటి నిలబడి ఉంటుంది. హోఫర్ 2004లో తీసిన చిత్రంలో సందర్శకులు లేకపోవడంతో ఆ గదిలో తలలు ఉన్నది ఈ రాతి ప్రతిమలకే. తత్త్వవేత్తలు, రచయితలు, కాలేజికి మేలు చేసినవారు, అందరూ మగవారే. ఆ గదిలో మహిళల ప్రతిమలు మొదటిసారి పెట్టింది 2023లో. గణితశాస్త్రజ్ఞురాలు ఏడా లవ్‌లేస్, శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్, రచయిత్రులు మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, అగస్టా గ్రెగరీల ప్రతిమలు అవి. రోజూ వందలమంది నడిచే గదిలో అంతకాలం ఎవరి తలలు వరుసగా నిలబడ్డాయో గుంపులో ఉండగా గమనించడం కష్టం. మనుషులను పక్కకు తప్పించి చూస్తే, ఆ సంస్థ ఎవరిని మనుషులుగా లెక్కించిందో కనిపిస్తుంది. ఈ చిత్రం స్త్రీల ప్రతిమల గురించి తీసినదని నేను అనడం లేదు. ఆ ప్రశ్న వేయడానికి కావలసిన నిశ్శబ్దాన్ని అది మనకు ఇస్తుందంటున్నాను.

ఆమె పద్ధతి అంతా ఒకే చోట విప్పి చూపే పని మరొకటి ఉంది. నా దృష్టిలో ఆమె చేసిన వాటిలో అత్యంత తెలివైన పని అదే, అయినా గ్రంథాలయాల చిత్రాలంతగా అది ప్రచారం పొందలేదు. ఫ్రాన్సులోని కలే నగరాన్ని 1346-47లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్ ముట్టడించినప్పుడు ఊరిని కాపాడటానికి ఆరుగురు పౌరులు తమ ప్రాణాలు అర్పించడానికి ముందుకు వచ్చారన్న కథను శిల్పి రోడాన్ కంచులో పోతపోశాడు. మెడలో ఉరితాళ్లతో, ఒకరికొకరు దూరంగా, ఒక్కొక్కరు తమ భయంతో తాము నడుస్తున్నట్టుండే ఆ శిల్పం 1895లో కలేలో నెలకొన్నది. దానికి మొత్తం 12 పోతలు ఉన్నాయి. లండన్, పారిస్, కోపెన్‌హాగెన్, బాజెల్, బెల్జియంలోని మారిమాంట్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, న్యూయార్క్, పాసడీనా, టోక్యో, సియోల్ నగరాలలో తక్కిన 11 ఉన్నాయి. హోఫర్ ఆ 12 చోట్లకూ వెళ్లి ప్రతి పోతనూ అది నిలిచిన చోటుతో సహా తీశారు. ఆ వరుసను 2002లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన 11వ డాక్యుమెంటా అనే సమకాలీన కళా ప్రదర్శనలో చూపారు.

పన్నెండింటిలోనూ శిల్పం ఒక్కటే. మారేది చుట్టూ ఉన్న చోటు. ఒక చోట అది ఊరి నడిబొడ్డున స్మారకం, ఒక చోట పార్లమెంటు పక్కన తోటలో అలంకారం, ఒక చోట మ్యూజియం పైకప్పు కింద కళాఖండం. గురువుగారి పద్ధతిని ఆమె ఇక్కడ తిరగేశారు. బెషర్లు ఒకే వెలుగు, ఒకే కోణం పట్టుకుని రకరకాల ట్యాంకులను పక్కపక్కన పెట్టారు. హోఫర్ ఒకే వస్తువును పట్టుకుని, రకరకాల చోట్లను పక్కపక్కన పెట్టారు. ప్రయోగశాలలో ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండవదాన్ని మార్చి చూసినట్టే ఇది. అదే ఆరుగురు మనుషులు పన్నెండు చోట్ల పన్నెండు రకాలుగా అర్థమవుతున్నారంటే, ఆ అర్థంలో కొంత భాగం కంచులో లేదని, చుట్టూ ఉన్న ఖాళీలో ఉందని ఒప్పుకోక తప్పదు.

జంతుప్రదర్శనశాలల మీద 1990ల తొలి సంవత్సరాలలో ఆమె చేసిన వరుస కూడా ఈ దారిలోదే. అందులో ప్రాణులు కనిపిస్తాయి. జిరాఫీ వెనుక అడవిని తలపించే రంగుల గోడ ఉంటుంది, కందకం ఉంటుంది, కడగడానికి వీలైన సిమెంటు నేల ఉంటుంది. ఆ చోటు జంతువు కోసం కట్టినట్టు కనిపించినా నిజానికి చూసేవారి కోసం కట్టినదని కాసేపట్లో అర్థమవుతుంది. ఆ చిత్రాలు చూసి గ్రంథాలయాల చిత్రాల దగ్గరికి వస్తే, ఈ గదులు ఎవరిని ఎలా నిలబెట్టడానికి కట్టినవి అన్న ప్రశ్న మన గురించి కూడా అడగవలసి వస్తుంది.

ఖాళీ స్థలాలతో పనిచేసేవారంతా ఒకే పని చేస్తున్నారనుకోకూడదు. జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోటో 1970ల చివరి నుంచి పాత సినిమా హాళ్లను తీశారు. సినిమా మొదలైనప్పుడు షట్టరు తెరిచి, అయిపోయాక మూసేవారు. కథంతా, వేల దృశ్యాలన్నీ కలిసి తెర మీద ఒక తెల్లని వెలుగుగా మిగిలి, ఆ వెలుగులో ఖాళీ కుర్చీలు కనిపించేవి. సుగిమోటోకు కావలసింది కాలం, గది దానికి పాత్ర మాత్రమే. హోఫర్ సహపాఠి స్ట్రూత్ మ్యూజియంలలో బొమ్మలు చూస్తున్న జనాన్నే తీశారు. ఒకే తరగతి గది నుంచి వచ్చిన ఇద్దరు, ఒకే మ్యూజియం అన్న సంస్థను, ఒకరు జనంతోనూ మరొకరు జనం లేకుండానూ పరిశీలించారు.

భవనాల అందాన్ని చూపడానికి తీసే చిత్రాలతో పోల్చడానికి మన హైదరాబాదు నుంచే ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్ బషీర్‌బాగ్ వంటి ప్యాలెస్‌ల లోపలి గదులను మనుషులు లేకుండా తీశారు. షాండ్లియర్లు, విదేశాల నుంచి తెప్పించిన కుర్చీలు, తివాచీలు, అద్దాలు కిక్కిరిసి ఉండే ఆ చిత్రాలు ఎంతో నైపుణ్యంతో తీసినవి. అక్కడి ఖాళీ గది యజమాని హోదాను చాటుతుంది. మనిషి లేకపోయినా ఆ గది ఎవరిదో మరచిపోనివ్వదు, ఆ చిత్రం తీయించినది కూడా అందుకే. హోఫర్ తీసేవి చాలావరకు ప్రజలవని చెప్పుకునే గదులు. ప్రజలవే అయితే వాటిలో ప్రజలకు ఏ చోటు కేటాయించారన్నది ఆమె ప్రశ్న. చూడటానికి రెండూ ఒకలాగే ఉండవచ్చు, రెండింటిలోనూ సౌష్ఠవం, వైభవం ఉండవచ్చు. తీయించేవారి అవసరం మారితే ఖాళీకి అర్థం మారిపోతుంది.

ఈ పద్ధతికి హద్దులు లేవని నేను అనను. వెనిస్‌లోని లా ఫెనీచె ఒపేరా శాలను ఆమె 2011లో తీశారు. బంగారు నగిషీలతో అంతస్తులు అంతస్తులుగా లేచిన ఆ శాల చూడగానే ఎన్నో తరాల సంగీతాన్ని విన్న గోడలని అనిపిస్తుంది. ఆ గోడలు వినలేదు. 1996 జనవరిలో ఆ శాల తగలబడి పోయింది. పాత ఫొటోలు, కొలతల ఆధారంగా ఎక్కడ ఉన్నదో అక్కడే, ఎలా ఉన్నదో అలాగే మళ్లీ కట్టి 2003లో తెరిచారు. అంటే ఆ చిత్రం తీసేనాటికి ఆ శాల వయసు ఎనిమిదేళ్లు. చిత్రం ఈ సంగతి చెప్పదు, దాని పేరూ చెప్పదు. గదిని దాని మాటల్లోనే మాట్లాడనిస్తే, గది దాచదలచుకున్నది దాగే ఉంటుంది. బెర్లిన్‌లోని నోయెస్ మ్యూజియంలో దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితం వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబులకు దెబ్బతిని దశాబ్దాలపాటు శిథిలంగా పడి ఉన్న ఆ భవనాన్ని వాస్తుశిల్పి డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ గాయాలు కప్పకుండా బాగుచేశారు. ఊడిన పూత ఊడినట్టే, కొత్త ఇటుక కొత్తదిగానే ఉంచారు. 2009లో అది ప్రజలకు తెరుచుకునే ముందు హోఫర్ అక్కడి గదులను తీశారు. ఆ గోడలు తమ చరిత్రను దాచలేదు కనుక ఆ చిత్రాలలోనూ అది కనిపిస్తుంది. ఆమె కెమెరా చూపు రెండు చోట్లా ఒకటే. నిజాయితీ భవనంలో ఉంటేనే చిత్రంలోకి వస్తుందన్నది ఈ పద్ధతిలోని బలహీనత, దాన్ని దాచిపెట్టి పొగడటం ఆమెకు గౌరవం కాదు.

మరొక అభ్యంతరం పరిమాణం గురించి. తొలినాటి చిన్న చిత్రాల స్థానంలో రెండు మీటర్ల దాకా పెరిగిన పెద్ద ప్రింట్లు వచ్చాయి, వేచి ఉండే గదుల స్థానంలో పారిస్‌లోని లూవ్రు మ్యూజియం, రాజప్రాసాదాలు, ప్రసిద్ధ గ్రంథాలయాలు వచ్చాయి. 2003లో వెనిస్ బియెనాలెలో, అప్పటికే మరణించిన కళాకారుడు మార్టిన్ కిప్పెన్‌బెర్గర్ పనితో పాటు, జర్మనీ తరఫున ఆమె పని ప్రదర్శించారు. తరువాత పెద్ద మ్యూజియంలు ఆమెను ఆహ్వానించాయి. మ్యూజియంను ప్రశ్నించే చిత్రం ఆ మ్యూజియం గోడకే అలంకారమైతే ప్రశ్న మొద్దుబారదా అని అడిగేవారి మాటలో బలం ఉంది. ఆ నేల తళతళలాడేలా తుడిచినవారు, ఆ దీపాలు వెలిగించినవారు ఏ చిత్రంలోనూ లేరన్నదీ నిజమే. నా మట్టుకు నేను వైభవం నిండిన చిత్రాల కంటే 1980ల నాటి సాదా గదులనే ఎక్కువ ఇష్టపడతాను. అక్కడ కన్నుకు విందు తక్కువ కాబట్టి ఆలోచనకు చోటు ఎక్కువ. అయితే 2000ల మధ్యలో ఆమె చేసిన ఒక వరుస ఈ విమర్శకు కొంత జవాబు చెబుతుంది. ఒక్క రోజులో పూర్తిచేసి, ఆ రోజు తేదీని మాత్రమే కాన్వాసు మీద చిత్రించిన జపాన్ కళాకారుడు ఆన్ కవారా బొమ్మలను, అవి కొన్నవారి ఇళ్లలో ఆమె తీశారు. సోఫా పైన, పుస్తకాల అర పక్కన, మంచం ఎదుట వేలాడే ఒక తేదీ. సంస్థల గదుల నుంచి ఆమె మళ్లీ ఇళ్ల లోపలికి, మనుషులు తమకోసం అమర్చుకున్న వస్తువుల మధ్యకు వచ్చారు. టర్కీ కుటుంబాల గదుల తరువాత అంత దగ్గరితనం ఉన్నవి ఇవే.

2020లో మహమ్మారి వల్ల ఒపేరా శాలలు, గ్రంథాలయాలు, రైల్వే స్టేషన్లు ప్రపంచమంతటా ఒకేసారి మూతపడినప్పుడు ఖాళీ గదుల ఫొటోలు వార్తాపత్రికలను నింపాయి. చాలామందికి అప్పుడు హోఫర్ గుర్తుకు వచ్చి ఉంటారు. ఆ పోలిక పైపైదేనని నేను అనుకుంటాను. అక్కడ మనుషులు రాలేక రాలేదు. అది వెలితి.

ఇక డబ్లిన్ గ్రంథాలయం దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే ఆ గది కథ 2004తో ఆగలేదు. దుమ్ము, కాలుష్యం, అగ్నిప్రమాద భయాల నుంచి కాపాడటానికి 2022లో అక్కడి పుస్తకాలను ఒక్కొక్కటిగా దించి, శుభ్రం చేసి, వేరే చోట భద్రపరచడం మొదలైంది. అన్ని పుస్తకాలు కదులుతున్నప్పుడు కూడా ఆ గది సందర్శకులకు తెరిచే ఉంచారు. హోఫర్ చిత్రంలో అరలు నిండుగా ఉన్నాయి, నడవ ఖాళీగా ఉంది. పుస్తకాలు దించాక అదే గదిలో నడవ నిండా జనం నిలబడి, తలెత్తి, బోసిపోయిన అరలను ఫొటోలు తీసుకుంటున్నారు.